పైన గాలి, కింద నీరు: ఎన్నిస్ పరిసరాల్లో జలచక్ర చరిత్ర

ఐర్లండ్ పడమటి ప్రాంతంలోని క్లేర్ కౌంటీకి ముఖ్యపట్టణం ఎన్నిస్. ఆ పేరుకు మూలమైన ఐరిష్ మాట ‘ఇనిష్’. ద్వీపం అని దాని అర్థం. ఫెర్గస్ నది పాయలుగా చీలిన చోట, ఆ పాయల నడుమ మిగిలిన నేల మీద 13వ శతాబ్దంలో ఓబ్రయన్ రాజవంశపు ప్రాపకంతో ఫ్రాన్సిస్కన్ మఠం ఒకటి వెలిసింది. దాని చుట్టూ ఊరు పెరిగింది. గోదావరి లంక గ్రామాలను ఎరిగినవారికి ఇటువంటి పేరు కొత్తగా తోచదు. నీరు విడిచిపెట్టినంత మేరే ఊరు అన్న సంగతిని ఆ పేరే చెబుతున్నది.

అట్లాంటిక్ మహాసముద్రం నుంచి లేచిన ఆవిరి మేఘమై, క్లేర్ కొండల మీద వానగా కురిసి, ఫెర్గస్ గుండా షానన్ నది ముఖద్వారం చేరి, మళ్ళీ ఆ సముద్రంలోనే కలుస్తుంది. పాఠ్యపుస్తకంలోని జలచక్రం బొమ్మకు ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకదనిపిస్తుంది. అయితే ఆ బొమ్మలో పైసగం గురించి, అంటే గాలి, ఆవిరి, మేఘాల గురించి ఈ ప్రాంతంలో పోగైన జ్ఞానానికీ, కిందిసగం గురించి, అంటే నేలలోకి ఇంకిన నీటి గురించి తెలిసినదానికీ మధ్య చాలాకాలం పెద్ద అంతరం ఉండిపోయింది. విమానాలను నడపడానికి ఆకాశాన్ని కొలవడం తప్పనిసరి అయింది. నేల కింది నీటిని కొలవవలసిన తొందర రాజ్యానికి చాలా ఆలస్యంగా కలిగింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు ఇక్కడి రైతులు, పట్టణవాసులు.

గాలికి సాక్ష్యం

కొలతలు రాకముందు వాతావరణానికి సాక్ష్యం మనుషుల జ్ఞాపకమే. 1839 జనవరి 6వ తేదీ రాత్రి ఐర్లండ్ మీద విరుచుకుపడిన పెనుగాలిని ఆ దేశస్థులు ‘పెద్దగాలి రాత్రి’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి, వేల చెట్లు కూలాయి, వందలమంది మరణించారు. తీరప్రాంతమైన క్లేర్ ఆ దెబ్బకు ముందు నిలిచిన సీమల్లో ఒకటి.

ఆ గాలికి డెబ్బై ఏళ్ళ తర్వాత విచిత్రమైన ఉపయోగం ఒకటి కలిగింది. 1908లో చేసిన వృద్ధాప్య పింఛను చట్టం 1909 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. పింఛను పొందాలంటే డెబ్బై ఏళ్ళు నిండాలి. కానీ ఐర్లండ్‌లో జననాల నమోదు మొదలైందే 1864లో. పుట్టిన తేదీకి కాగితం లేని ముసలివారు తమకు పెద్దగాలి రాత్రి గుర్తున్నదని చెప్పి వయస్సు రుజువు చేసుకోజూశారు. ‘ఫలానా ఉప్పెన నాటికి నడిచే పిల్లవాణ్ణి’ అని లెక్కగట్టుకునే కోస్తా తెలుగువారికి ఈ పద్ధతి సుపరిచితమే.

జ్ఞాపకం గాలి వచ్చిందని చెప్పగలదు, ఎంత వేగంతో వచ్చిందో చెప్పలేదు. ఉత్తర ఐర్లండ్‌లోని అర్మా నక్షత్రశాల అధిపతి థామస్ రామ్నీ రాబిన్సన్ 1846లో నాలుగు అర్ధగోళాకారపు గిన్నెలు నిలువు ఇరుసు చుట్టూ తిరిగే గాలివేగ మాపకాన్ని రూపొందించాడు. ఇప్పటికీ ప్రపంచమంతటా విమానాశ్రయాలలో, వాతావరణ కేంద్రాలలో తిరుగుతూ కనిపించే గిన్నెల పరికరం ఆ నమూనా నుంచి వచ్చినదే.

మేఘం ఎందుకు కిందపడదు?

రాబిన్సన్ అల్లుడు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్. క్లేర్‌కు ఉత్తరాన, అదే పడమటి తీరంలోని స్లైగో కౌంటీలో 1819లో పుట్టి, కేంబ్రిడ్జిలో గణితాచార్యుడయ్యాడు. గాలిలో ఊగే లోలకం ఎందుకు నెమ్మదిస్తుందో వివరిస్తూ 1851లో వెలువడిన పరిశోధనపత్రంలోనే ఆయన మేఘాల సంగతికీ జవాబు చెప్పాడు. నీరు గాలికన్న వందల రెట్లు బరువైనది. మరి నీటిబిందువుల గుంపు అయిన మేఘం ఆకాశంలో ఎలా నిలుస్తున్నది?

గాలి ప్రతిఘటన వల్ల, చిన్న గోళం పడే వేగం దాని వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. వ్యాసార్ధం పదిరెట్లు తగ్గితే పతనవేగం వందరెట్లు తగ్గుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు వ్యాసార్ధం గల మేఘబిందువు సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే దిగుతుంది. ఆ లెక్కన కిలోమీటరు దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈలోగా పైకి లేచే ఏ చిన్న గాలితెర అయినా దాన్ని మళ్ళీ మోసుకుపోతుంది. మేఘం నిజానికి పడుతూనే ఉంటుంది, నేలకు చేరదంతే. అటువంటి బిందువులు పది లక్షలు కలిస్తేగాని ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల వానచినుకు తయారుకాదు.

ఆ ఆవిరికి మరొక గుణమున్నదని కార్లో కౌంటీలో పుట్టిన జాన్ టిండాల్ 1859లో లండన్‌లో మొదలుపెట్టిన ప్రయోగాలతో చూపించాడు. గాలిలో అత్యధిక భాగమైన నత్రజని, ఆమ్లజని వేడి కిరణాలను దాదాపు అడ్డుకోవు. అతి తక్కువగా ఉండే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అడ్డుకుంటాయి. వానకు ముడిసరుకైన ఆవిరే భూమికి దుప్పటి కూడానన్న మాట.

ఆవిరి బిందువుగా మారడానికి ఏదో ఒక సూక్ష్మకణం ఆధారం కావాలి. ఆ కణాలను లెక్కించే విద్యలో ఐర్లండ్ ముందువరుసలో నిలవడానికి ఒక శరణార్థి తోడ్పడ్డాడు. ప్రాగ్ జర్మన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లియో పోలక్ నాజీల బారినుంచి తప్పించుకుని 1939లో ఐర్లండ్ చేరాడు. అక్కడి వాతావరణ శాఖలో పనిచేస్తూ, డబ్లిన్ భౌతికశాస్త్రవేత్త పి. జె. నోలన్‌తో కలిసి 1946లో కాంతివిద్యుత్ పద్ధతితో పనిచేసే కణగణన యంత్రాన్ని తయారుచేశాడు.

ఆ పరంపర 1958లో ఎన్నిస్‌కు వాయవ్యంగా సుమారు 80 కి.మీ. దూరాన, గాల్వే తీరంలోని మేస్ హెడ్ కేంద్రానికి దారితీసింది. పడమటి నుంచి వచ్చే గాలి వేల కిలోమీటర్ల సముద్రాన్ని దాటి, ఏ పట్టణపు పొగా తగలకుండా అక్కడికి చేరుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లో ప్లవకాలు విరివిగా పెరిగే రుతువులో అలల తుంపర నుంచి పుట్టే సూక్ష్మకణాలలో ఉప్పుతోబాటు సేంద్రియ పదార్థం కూడా పెద్ద పాలులో ఉంటుందని అక్కడి కొలతల ఆధారంగా 2004లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. క్లేర్ మీద కురిసే వాన వెనుక సముద్రంలోని కంటికి కనబడని జీవరాశి చేయి కూడా ఉన్నదని తెలిసింది.

గాలికి ఎదురీత

ఇంతవరకు చెప్పినది శాస్త్రజ్ఞుల జిజ్ఞాస. ఆకాశాన్ని గంటగంటకూ కొలవవలసిన అక్కర మాత్రం విమానాలతో వచ్చింది. ఫెర్గస్ నీరు షానన్ ముఖద్వారంలో కలిసే చోటికి దగ్గరలో, దక్షిణపు గట్టున, లిమరిక్ కౌంటీలో ఫాయిన్స్ అనే రేవు ఉన్నది. అట్లాంటిక్‌ను దాటే నీటివిమానాలకు యూరపు వైపు ఆఖరి మజిలీగా దాన్ని ఎంచుకున్నారు. 1937 జూలై 5వ తేదీ రాత్రి రెండు విమానాలు ఎదురెదురుగా బయలుదేరాయి. ఫాయిన్స్ నుంచి పడమటికి ‘కాలెడోనియా’, న్యూఫౌండ్‌లాండ్‌లోని బాట్‌వుడ్ నుంచి తూర్పుకు ‘క్లిప్పర్ 3’. దూరం సుమారు 3,200 కి.మీ. పడమటికి వెళ్ళినదానికి సుమారు 15 గంటలు, తూర్పుకు వచ్చినదానికి సుమారు పన్నెండున్నర గంటలు పట్టింది. రెండూ వేర్వేరు విమానాలే అయినా, ఆ తేడాలో పడమటి గాలి వాటా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నాటి విమానాలు మేఘాల ఎత్తులోనే ఎగిరేవి. ఇంధనం అతికినట్టు సరిపోయేది. ఎదురుగాలి అంచనా తప్పితే సగం దారిలో వెనుదిరగవలసిందే. ఐర్లండ్ వాతావరణ శాఖ 1936లో, ఆస్టిన్ నాగల్ సంచాలకుడిగా, ప్రధానంగా ఈ అవసరం కోసమే ఏర్పడింది. ఫాయిన్స్ కార్యాలయం మొదట బ్రిటన్ వాతావరణ శాఖ నిపుణుల సాయంతో నడిచింది. యుద్ధకాలంలో ఐరిష్ ఉద్యోగులే దాన్ని పూర్తిగా చేపట్టారు. 1943 శీతకాలంలో ఒక రాత్రి ప్రతికూల వాతావరణం వల్ల వెనుదిరిగిన ప్రయాణికుల చలి తీర్చడానికి ఫాయిన్స్ వంటవాడు జో షెరిడన్ కాఫీలో విస్కీ కలిపి ఇచ్చాడనీ, ‘ఐరిష్ కాఫీ’ అలా పుట్టిందనీ చెప్పుకుంటారు.

యుద్ధం ముగిశాక నీటివిమానాల కాలమూ ముగిసింది. 1945 అక్టోబరులో ముఖద్వారానికి ఉత్తరపు గట్టున, ఎన్నిస్‌కు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న రినానా మైదానం మీద అమెరికా నుంచి నియతకాలిక విమానం దిగింది. అదే నేటి షానన్ విమానాశ్రయం. ఇక్కడ ఒక తేదీని గుర్తుంచుకోవాలి. ఐరిష్ వాతావరణ శాఖ తన సొంత సూచనలను దేశపు రేడియోకు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. అంతవరకు రేడియోలో వినిపించినవి లండన్ నుంచి వచ్చినవి. సముద్రం దాటే ప్రయాణికుడికి ఐరిష్ నిపుణుల సూచన అందిన చాలా ఏళ్ళకుగాని గడ్డి కోసుకునే క్లేర్ రైతుకు అది అందలేదు.

పదకొండు కిలోమీటర్ల ఎత్తున

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్‌ను దాటడం మొదలుపెట్టాక ప్రయాణం మేఘాల పైకి మారింది. వాతావరణపు అన్నిటికన్న కింది పొర ట్రోపో ఆవరణం. ఆవిరిలో అత్యధిక భాగం, వానమేఘాలన్నీ ఇందులోనే ఉంటాయి. దాని పైకప్పు ఎత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. ఐర్లండ్ మీద అది సుమారు 9 నుంచి 11 కి.మీ., తెలుగునాట సుమారు 16, 17 కి.మీ. అంటే, 11 కి.మీ. ఎత్తున ఎగిరే విమానం ఎన్నిస్ మీద తరచు స్ట్రాటో ఆవరణం అంచుల్లో ఉంటుంది. అదే విమానం హైదరాబాదు మీద ఇంకా వానమేఘాల పొరలోనే ఉంటుంది. రుతుపవన కాలంలో క్యుములోనింబస్ మేఘాల శిఖరాలు దానికన్న ఎత్తుకు లేవగలవు. అందుకే అవి పైలట్లు దాటి వెళ్ళేవి కావు, చుట్టి వెళ్ళేవి.

ట్రోపో ఆవరణపు పైకప్పు దగ్గరే జెట్ వాయుప్రవాహాలు సాగుతాయి. అట్లాంటిక్ మీది ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. దాని స్థానాన్ని బట్టి అట్లాంటిక్ విమానమార్గాలను రోజుకు రెండుసార్లు కొత్తగా గీస్తారు. తూర్పుకు వచ్చేవి గాలిని వాడుకుంటాయి, పడమటికి పోయేవి దాన్ని తప్పించుకుంటాయి. డాలస్ నుంచి లండన్‌కు పట్టే సమయానికీ తిరుగు ప్రయాణానికి పట్టే సమయానికీ తేడా గమనించిన ప్రతి ప్రవాసికీ ఈ ప్రవాహం అనుభవంలో ఉన్నదే.

భారతదేశం మీద వర్షాకాలంలో దీనికి వ్యతిరేకంగా, తూర్పు నుంచి పడమటికి వీచే జెట్ ప్రవాహం ఒకటి ఉన్నదని శాస్త్రలోకానికి వివరించినవాడు నెల్లూరుకు చెందిన పంచేటి కోటేశ్వరం. ఆయన పరిశోధనపత్రం 1958లో, జెట్ విమానాలు అట్లాంటిక్‌ను దాటిన ఏడాదిలోనే, ‘టెల్లస్’ పత్రికలో వెలువడింది. వేసవిలో వేడెక్కిన టిబెట్ పీఠభూమికీ దక్షిణాన ఉన్న సముద్రానికీ నడుమ ఉష్ణోగ్రతలోని తేడా ఆ ప్రవాహానికి మూలం. రుతుపవనాల బలాబలాలతో దానికి సంబంధం ఉన్నది. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు.

నడిసముద్రంలో ఉన్న విమానంతో మాట్లాడటానికి మరింత పైనున్న పొర ఒకటి ఉపకరించింది. హెచ్‌ఎఫ్ రేడియో తరంగాలు నేల వంపును దాటి పోవాలంటే, సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన అయనోవరణం నుంచి పరావర్తనం చెందాలి. ఎన్నిస్‌కు దక్షిణాన, న్యూమార్కెట్-ఆన్-ఫెర్గస్ దగ్గరలోని బాలీగిరీన్ రేడియో కేంద్రం పని అదే. షానన్, ప్రెస్ట్‌విక్ పేర్లు కలిపి 1966లో ఏర్పడిన ‘షాన్‌విక్’ గగనమండలానికి నియంత్రణ స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ నుంచి జరిగితే, రేడియో గొంతు బాలీగిరీన్‌ది. ఈ విధంగా ఎన్నిస్ పరిసరాలు వందల కిలోమీటర్ల ఎత్తుదాకా ఆకాశాన్ని ఎరిగిన చోటు అయినాయి.

వాన నేలను తాకిన తర్వాత

ఇక కిందిసగం. షానన్ విమానాశ్రయంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 1,000 మి.మీ. హైదరాబాదు వర్షపాతం సుమారు 800 మి.మీ. పరిమాణంలో అంతరం ఊహించినంత లేదు. నడకలోనే తేడా. హైదరాబాదు వానలో అధికభాగం నాలుగైదు నెలల్లో కురిసిపోతుంది. ఐర్లండ్ పడమటి ప్రాంతాల్లో ఏడాదికి రెండు వందల రోజుల చుట్టూ వానరోజులే.

ఇంత వాన కురిసినా ఎన్నిస్‌కు ఉత్తరాన ఉన్న బర్రెన్ సీమలో నేల మీద పారే వాగులు అరుదు. బర్రెన్ అంటే ఐరిష్‌లో రాతినేల. 33 కోట్ల ఏళ్ళనాటి ఆ సున్నపురాయిని వాననీరు పగుళ్ళ వెంట కరిగిస్తూ పోయింది. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు స్వల్పంగా ఆమ్లం. అది పగులును సందుగా, సందును సొరంగంగా మార్చింది. ఫెర్గస్ నది సైతం తన దారిలో కొంతమేర భూగర్భంలోకి దూరి మళ్ళీ పైకి వస్తుంది. నంద్యాల జిల్లా బెలూం గుహలు చూసినవారికి ఈ పని తెలిసినదే. సున్నపురాయిలో నీరు తొలిచిన ఆ మూడు కిలోమీటర్ల పైచిలుకు గుహకు ‘బిలం’ అన్న మాట నుంచే పేరు వచ్చిందంటారు. అందులోని ఊటకు ‘పాతాళగంగ’ అని పేరు. క్లేర్‌లో పాతాళగంగలు సీమంతటా ఉన్నాయి.

వాటికి నేల మీద ఆనవాళ్ళు టర్లాక్‌లు. ఐరిష్‌లో ‘తుర్’ అంటే ఎండినది. చుట్టూ చూస్తే వాగు లేదు, కట్ట లేదు. శరత్కాలపు వానలకు భూగర్భజలం పైకి తన్నుకొచ్చి పచ్చికబయలు చెరువవుతుంది. వసంతంలో నీరు వచ్చిన బిలం గుండానే దిగిపోతుంది, పశువులు మళ్ళీ మేతకు వస్తాయి. ఐర్లండ్‌లో గుర్తించిన టర్లాక్‌లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఇవి ఇంత విస్తారంగా లేవు. యూరపు సమాజం 1992లో వీటిని ప్రాధాన్యం గల సహజ ఆవాసాల జాబితాలో చేర్చింది. ఎన్నడు నిండుతుంది, ఎంత మేర ముంచుతుంది అన్నది ఇరుగుపొరుగు రైతులకు తరతరాల అనుభవంతో తెలుసు. ఆ అనుభవం ఏ పటంలోకీ ఎక్కలేదు.

రాజ్యం దృష్టిలో నీరు చాలాకాలం వదిలించుకోవలసిన బెడదగానే ఉండిపోయింది. 1945లో చేసిన నదీ మురుగుపారుదల చట్టం నదులను లోతుచేసి, సాగునేలల నీటిని వేగంగా సముద్రానికి పంపడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. నది కనిపించే చోట ఆ పద్ధతి పనిచేస్తుంది. నది నేల కింద ఉన్నచోట ఏ కాలువ తవ్వితే ఏ పొలం మునుగుతుందో చెప్పడం కష్టం.

రంగునీళ్ళు, రాడార్ కన్ను

భూగర్భపు దారులను మొదట వెతికినవారిలో గుహాన్వేషకులు ముఖ్యులు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు గుహాన్వేషణ సంఘం వాయవ్య క్లేర్ గుహలపై తన గ్రంథాన్ని 1969లో ప్రచురించింది. ట్రినిటీ కాలేజీకి చెందిన డేవిడ్ డ్రూ వంటి శాస్త్రవేత్తలు ఒకచోట బిలంలో హానిలేని రంగుపొడి కలిపి, అది ఏ ఊటలో ఎన్ని గంటలకు తేలుతుందో చూస్తూ నీటిదారులను గుర్తించారు. ఇసుకనేలల్లో ఏడాదికి కొన్ని మీటర్లు జరిగే నీరు, ఈ సొరంగాల్లో గంటకు పదుల, వందల మీటర్లు పరుగెత్తగలదని తేలింది. కొండకు ఇవతల ఇంకిన నీరు కొండకు అవతల తేలడమూ ఉన్నది.

దీని పర్యవసానం ఎన్నిస్ వంటిళ్ళ దాకా వచ్చింది. పట్టణానికి తాగునీరు డ్రమ్‌క్లిఫ్ ఊటల నుంచి వస్తుంది. ఇసుక, మట్టి పొరల గుండా నెమ్మదిగా దిగే నీరు తనంతట తానే వడకట్టుకుంటుంది. సొరంగాల్లో పరుగెత్తే నీటికి ఆ అవకాశం లేదు. పొలం మీది మాలిన్యం వానతోబాటు ఊటకు చేరుతుంది. 2005 తర్వాత కొన్నేళ్ళపాటు ఎన్నిస్ వాసులు కొళాయి నీటిని మరిగించి తాగవలసివచ్చింది. సరైన శుద్ధికేంద్రం ఏర్పాటయ్యాకగాని ఆ బాధ తప్పలేదు.

2009 నవంబరు వానలకు ఫెర్గస్ పొంగి ఎన్నిస్ వీధుల్లోకి వచ్చింది. నది వరద కంటికి కనబడుతుంది. గోడలు, కట్టలు కట్టి దాన్ని కొంతవరకు ఆపవచ్చు. 2015 డిసెంబరులో డెస్మండ్, ఈవా, ఫ్రాంక్ తుపానులు ఒకదాని వెనుక ఒకటి వచ్చినప్పుడు క్లేర్, దక్షిణ గాల్వే సీమలు చూసినది వేరే వరద. టర్లాక్‌లు ఎన్నడూ లేనంతగా నిండి పరస్పరం కలిసిపోయాయి. వాన వెలిసినా నీరు తగ్గలేదు. వారాల తరబడి రోడ్లు, ఇళ్ళు నీటిలోనే ఉండిపోయాయి. కట్ట కడదామంటే, నీరు వస్తున్నది పక్కనుంచి కాదు, కాళ్ళ కిందనుంచి.

ఆ అనుభవం తర్వాత 2016లో ఐర్లండ్ భూగర్భ సర్వేక్షణ శాఖ ట్రినిటీ కాలేజీ తదితర సంస్థలతో కలిసి భూగర్భజలపు వరదల అధ్యయనం చేపట్టింది. టర్లాక్‌లలో నీటిమట్టపు మాపకాలు అమర్చారు. కానీ దేశమంతటా ఉన్న వందల టర్లాక్‌లకు మాపకాలు పెట్టడం సాధ్యం కాదు. ఎప్పుడూ మబ్బుపట్టి ఉండే ఆకాశం వల్ల మామూలు ఉపగ్రహ ఛాయాచిత్రాలు కొరగావు. అందువల్ల యూరపు అంతరిక్ష సంస్థ 2014 నుంచి ప్రయోగించిన ‘సెంటినెల్-1’ రాడార్ ఉపగ్రహాలను ఆశ్రయించారు. రాడార్ కిరణం మేఘాన్ని దాటిపోతుంది. నిశ్చలమైన నీటి మీద పడినప్పుడు అవతలికి జారిపోయి, వెనక్కు రాదు. కనుక చిత్రంలో నీరు నల్లగా కనిపిస్తుంది. దాదాపు 700 కి.మీ. ఎత్తునుంచి తీసిన ఆ నల్లమచ్చల వరుసల నుంచి ఏ బయలు ఎప్పుడు నిండి ఎప్పుడు ఖాళీ అయిందో రాబట్టారు. రైతుల జ్ఞాపకంలో మాత్రమే ఉన్న హద్దులు అలా తొలిసారి దేశవ్యాప్తమైన పటంలోకి వచ్చాయి.

ఆకాశంలో ఏ క్షణాన చూసినా ఉండే నీరు భూమి మీది మంచినీటిలో సుమారు 0.04 శాతం. నేల కింద ఉన్నది సుమారు 30 శాతం. ఆవిరి గాలిలో నిలిచేది సగటున తొమ్మిది రోజులు. నేలలోకి దిగిన నీరు నెలలు, సంవత్సరాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు నిలుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం అధికంగా ఆవిరిని మోయగలదు. ఆ అదనపు వాన ఏదో ఒక నేల మీద పడవలసినదే. అది ఎప్పుడు కురుస్తుందో రోజుల ముందు చెప్పగల విద్య షానన్ ఒడ్డున ఎనభై ఏళ్ళకు పైగా పెరిగింది. కురిసిన తర్వాత ఎటు పోతుందో చెప్పే విద్య వయస్సు ఇంకా చిన్నది. చెరువుల కాలువలను పూడ్చి కాలనీలు కట్టుకున్న హైదరాబాదుకూ, బోరుబావి ఎంత లోతున ఎండుతుందో తెలియక అప్పులపాలయ్యే రాయలసీమ రైతుకూ కావలసినది ఆ రెండో విద్యే. ద్వీపమని పేరు పెట్టుకున్న ఊరు దాన్ని నేర్చుకున్నది తన నేల నీటిలో నిలిచాక.